నరికి పాతరేసిన పుదీనా

ఆ వీధిలో అందరూ అతన్ని మూడుమాటలు అని పిలిచేవారు. ఎవరేమడిగినా మూడు మాటలకు మించి జవాబు చెప్పడు. నాలుగో మాట నోటి దాకా వచ్చినా మింగేస్తాడు. చేసేది పుదీనా సాగు. సాగంటే ఎకరాలు కాదు. గిడ్డంగి గోడ పక్కన అద్దెకు తీసుకున్న జాగాలో ఆరు మళ్ళు, అంతే.

ఆ ఆరు మళ్ళూ పదకొండేళ్ళ కిందట తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న గుప్పెడు కాడల సంతానం. అతనికి పని నేర్పిన ముసలి తోటమాలి కన్నుమూసే ముందు ఆ గుడ్డను చేతిలో పెట్టి, "దీన్ని ఒక్కసారి పొలంలో పెంచి చూడరా" అన్నాడు. నల్లకాడ, చిన్నాకు. ఒక్క ఆకు నలిపితే ముక్కుదిబ్బడ ఎక్కడికి పోయిందో తెలియదు. బజారులో కట్టలు కట్టి అమ్మే పుదీనాకీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

ఇలాంటిదానికి గింజ పనికిరాదు. గింజ చల్లినా మొలుస్తుంది కానీ తల్లి పోలిక రాదు, వాసన తలోదారి పడుతుంది. తల్లి గుణం దిగాలంటే మట్టిలో పాకే తెల్లకాడను తీయాలి. మూడు కణుపులుండేలా బెత్తెడు ముక్కలు చేసి, రెండు వేళ్ళ లోతున పడుకోబెట్టి మన్ను కప్పాలి. వెంటనే నీళ్ళు పెట్టాలి. కణుపు కణుపుకీ పిలక లేస్తుంది. ఆ విద్యకు బడి అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ఇప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, జాగా యజమాని నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. ఇంకో గిడ్డంగి కడతాడట, ఇటికలు కూడా చెప్పేశాడట. మనిషి మంచివాడే. మంచివాడు వెళ్ళమన్నా వెళ్ళాల్సిందే కదా. నెలాఖరుకు ఆ కాడలు ఇంకో నేలలో పడకపోతే ఆ పుదీనా వంశం అక్కడితో సరి. కుండీలో దాచుకుందామంటే అతనుండేది మేడ మీద రేకుల గది. రెండేళ్ళ కిందట ఒక కుండీ పెట్టి చూశాడు. వారం తిరగకుండా వేళ్ళతో సహా వేగిపోయింది.

నీళ్ళున్న ఖాళీ నేల అతనికి తెలిసినంతలో ఒక్కటే. అరెకరం. అది బావది.

బావ అంటే అక్క మొగుడు. ఆయన్ని అందరూ ఉరుము అంటారు. ఆయన మామూలుగా మాట్లాడినా గోడ మీద పిల్లి ఉలిక్కిపడి దూకుతుంది. "ఉరుమే గానీ పిడుగు లేదు" అని అక్క ధైర్యం. ఆయన గొప్పంతా ఒక్క మాటలో ఉంది: నాది ఒకటే నాలుక.

ఉదయం పూట బావ టీ కొట్టు దగ్గర దొరుకుతాడు. మూడుమాటలు వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, చోటు కావాలి."

"ఎందుకురా? గదిలోంచి తరిమేశారా? ఎన్నిసార్లు చెప్పాను, ఆ ఇంటాయనతో రోజుకో నాలుగు మాటలు మాట్లాడమని. మాట్లాడని అద్దెదారుణ్ణి చూస్తే ఎవడికైనా అనుమానమే."

"పుదీనాకి, బావా."

బావ టీ గ్లాసు బల్ల మీద దబ్బున పెట్టాడు. సగం టీ బల్ల తాగింది.

"పుదీనానా? నా పొలంలోనా? ఒరేయ్ బామ్మర్దీ, అది మొక్క కాదురా, చుట్టం! వచ్చిందంటే కదలదు. మా అమ్మ పెరట్లో కుళాయి కింద ఒక్క రెమ్మ గుచ్చింది. ఏడాది తిరిగేసరికి వంకాయ మడిని మింగి కూర్చుంది. బట్టలుతికే రాయి కింద దూరి అవతల లేచింది. మూడేళ్ళు పీకాను. పీకి పీకి గట్టు మీద పారేస్తే గట్టు కూడా పచ్చబడింది. అప్పుడు పీకి పారేసి చెడ్డాను. నరికి పాతరేసి ఉంటే పీడ వదిలిపోయేది!"

కొట్టులో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. నలుగురు చూస్తే బావ గొంతు ఇంకో మెట్టెక్కుతుంది.

"వినండి, అందరూ వినండి! నా పొలంలో పుదీనా కాడ ఒక్కటి కనబడనీ, ముక్కలు ముక్కలుగా నరికి పాతరేస్తాను! కుళ్ళిపోయేలా పైన నీళ్ళు కూడా వదులుతాను! నాది ఒకటే నాలుక!"

టీ కొట్టాయన్ని అందరూ వకీలు అంటారు. ఆయన కోర్టు గుమ్మం తొక్కిన మనిషి కాదు. ఎవరి నోట మాట జారినా పట్టుకుని పీకుతాడు, అందుకని ఆ పేరు. బల్ల తుడుస్తూ అన్నాడు:

"విన్నామన్నా. ఒకటో సెక్షను, ముక్కలుగా నరకడం. రెండోది, పాతరెయ్యడం. మూడోది, పైన నీళ్ళు. రేపు కాదంటే కుదరదు మరి."

"కాదంటే నా మీసం తీయించుకుంటాను పో!"

మూడుమాటలు గ్లాసు అడుగున మిగిలిన టీ వైపు చూస్తూ ఉండిపోయాడు. పదకొండేళ్ళుగా తను చేస్తున్న పనిని ఇంత తేటగా, ఇంత వరసలో ఎవరూ చెప్పలేదు. పని నేర్పిన తోటమాలి కూడా ఇంత కుదురుగా చెప్పలేకపోయాడు. నరకాలి. పాతాలి. నీళ్ళు పెట్టాలి.

లేచి దండం పెట్టి వచ్చేశాడు. వెనక బావ, "చూశారా, నోరెత్తలేదు!" అంటున్నాడు.

రెండు రోజులు పట్టింది ఆరు మళ్ళూ తవ్వడానికి. గునపంతో మన్ను వదులు చేసి లాగితే తెల్లకాడలు దారపు చిక్కుల్లా లేచి వచ్చాయి. వాటిని ఎనిమిది గోతాల్లో కుక్కి, గోతాల మీద నీళ్ళు కొట్టి, తోపుడుబండి మీద బావ పొలానికి తోలాడు. పొలం మొక్కజొన్నకు తయారుగా ఉంది. ముందురోజే ట్రాక్టరుతో చాళ్ళు తోలించారు. మోటారు షెడ్డు నీడలో అక్క గేదెకు మేత నరుకుతోంది.

"ఏమిట్రా ఇవి? ఎప్పుడొచ్చినా చేతులూపుకుంటూ వచ్చేవాడివి, ఇవాళ ఎనిమిది గోతాలా!"

"పుదీనా, అక్కా."

"మీ బావ చూశారంటే?"

"చూడాలి."

అక్క కత్తి పక్కన పెట్టింది. తమ్ముడి మొహంలోకి చూసింది. చిన్నప్పుడు బెల్లం డబ్బా మూత పెట్టి, మూతి తుడుచుకోవడం మర్చిపోయి ఎదురొచ్చిన మొహం అది. ఆమెకు అర్థమైపోయింది.

"నరికి పాతరేస్తానన్నారటగా. ఇంటికొచ్చి నాక్కూడా చెప్పారు. అన్నం తింటూ మూడుసార్లు చెప్పారు. అవునుగానీ, ఎంత లోతున పాతాలి దీన్ని?"

"రెండు వేళ్ళు."

"ఆయన కోపానికి రెండు వేళ్ళేమిట్రా! రెండు నిలువుల గొయ్యి తవ్వుతారు."

 ఆ సంగతి మూడుమాటలకు తట్టనే లేదు. పాతర అంటే గొయ్యేగా. గోతిలో పోసి నిలువెత్తు మన్ను కప్పితే పుదీనా కాదు, ఏనుగును పాతినా లేవదు. పదకొండేళ్ళ కాడలు, తన చేత్తో తనే మోసుకొచ్చి, తన బావ చేత తనే చంపించబోతున్నాడు. గోతాలు మళ్ళీ బండికెక్కిద్దామని ఒకదాని మెడ పట్టుకున్నాడు.

"ఎక్కడికి పట్టుకుపోతావు?" అంది అక్క. "ఇటికల మీద పెంచుతావా? ఉండనీ. ఆయనకి నడుం నొప్పి ఉంది. దాన్ని నమ్ముకో."

అప్పటికే గట్టు మీద ఉరుము వినబడింది.

బావ ముందు, కెటిల్ పట్టుకుని వకీలు వెనక, టీ కొట్టు దగ్గర పొద్దు పుచ్చే ఇద్దరు ముగ్గురు ఆ వెనక. మూడుమాటలు బండి తోసుకుంటూ వెళ్ళడం వాళ్ళు చూశారు. ఇలాంటి తమాషా వదులుకోవడానికి వాళ్ళేం బుద్ధిమంతులు కాదు.

"ఏమే, ఏమిటది? చెప్పు, ఏమిటది?" అని అరిచాడు బావ.

"వాసన రావడం లేదూ?" అంది అక్క. "మీ ముక్కుకేమైంది?"

బావ ఒక గోతం మూతి విప్పాడు. లోపలి నుంచి వచ్చిన ఘాటుకి వరసగా రెండుసార్లు తుమ్మాడు. తర్వాత గోతాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"ఎత్తి కాలవలో పారెయ్యండ్రా దీన్ని!"

మూడుమాటలు కదల్లేదు. తల వంచుకుని, గట్టు మీది గడ్డిపోచ ఒకటి పీకి, "నాలుక ఒకటేనా, బావా?" అన్నాడు.

బావ ఆగిపోయాడు. వకీలు కెటిల్ కింద పెట్టాడు.

"బామ్మర్ది అన్నది తప్పేం కాదన్నా. కాలవలో పారేస్తే అది నరకడమా? పాతరెయ్యడమా? కొట్టులో నలుగురూ విన్నారు. మీసం కూడా పందెం పెట్టావు. మొక్క కనబడింది. ఇక సెక్షను ఒకటి."

"నాకు చెప్పొచ్చావా! కత్తి ఇటు తేవే!"

అక్క మేత నరికే కత్తిని, మొద్దును తెచ్చి భర్త ముందు పెట్టి, "వేళ్ళు జాగ్రత్తండీ" అంది. ఆయన వేళ్ళ సంగతేనా అంటే, చెప్పలేం.

బావ కాడల కట్ట మొద్దు మీద పెట్టి టకటకా నరకడం మొదలుపెట్టాడు. మొదటి గోతం సగమయ్యేసరికి చేయి పాకాన పడింది. మరీ పాకాన పడింది. ముక్క చూస్తే గోరంత. గోరంత ముక్కలో కణుపు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.  నోరు తెరిచి పెద్దగా నరకమంటే గుట్టు బయటపడుతుంది. మూడుమాటలు వకీలు వైపు తిరిగాడు.

"ఇవి ముక్కలేనా, వకీలుగారూ?"

వకీలు ఒక ముక్క తీసి అరచేతిలో పెట్టుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు.

"లేదన్నా. ఇది ఒప్పుకోను. ముక్కలు ముక్కలుగా అన్నావు నువ్వు, పొడి పొడిగా అనలేదు. దీన్ని పొడి అంటారు. ముక్కంటే చేత్తో పట్టుకుంటే రెండు కొసలూ కనబడాలి. బెత్తెడైనా ఉండాలి."

"అబ్బా, పుట్టుకతోనే వకీలువి కదా నువ్వు! బెత్తెడేగా? తీసుకో బెత్తెడు!"

ఇక అక్కడి నుంచి ప్రతి ముక్కా బెత్తెడే. కొలబద్ద పెట్టి కోసినట్టు. బావ కోపంలో పని చేస్తే ఎంత బాగా చేస్తాడో అక్కకి తెలుసు, అందుకే ఇంటికి సున్నం వేయించాలన్నప్పుడల్లా ముందు ఆయనకు కోపం తెప్పించేది.

ఎనిమిది గోతాలూ పూర్తయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. చెమట తుడుచుకుని, ఒక గ్లాసు టీ తాగి, బావ పార అందుకున్నాడు.

"ఇప్పుడు గొయ్యి! నిలువెత్తు గొయ్యి! మళ్ళీ సూర్యుణ్ణి చూడకూడదు!"

పొలం మూలన మొదటి పార వేశాడు. మూడుమాటలకు ఆ దెబ్బ తన వీపు మీద పడ్డట్టయింది. నేల చాళ్ళ దగ్గరే గుల్ల, మూలన రాయి. ఒక అడుగు, అడుగున్నర. మోకాలి లోతుకు వచ్చాక బావ నడుం పట్టుకుని నిలబడ్డాడు. మూడుమాటలు అక్క వైపు చూశాడు. అక్క చేత్తో ఆగమన్నట్టు సైగ చేసింది. బావ మళ్ళీ పార ఎత్తాడు. మళ్ళీ తవ్వాడు. ఈ నడుం ఇవాళే ఇంత గట్టిపడాలా అనుకుని మూడుమాటలు కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బా!" అని వినబడింది.

కళ్ళు తెరిచేసరికి బావ గోతిలో వంగి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఇద్దరు పట్టి పైకి లాగారు.

"నేను చెప్తే వినరు కదా," అంది అక్క, నడుం రుద్దుతూ. "చెట్టంత మనిషిని ఇంటిదాకా నేను మొయ్యగలనా? పాతరంటే మట్టిలో కప్పెట్టడమే కదా. వకీలన్నయ్యా, నువ్వు చెప్పు. లోతెంతని ఏమైనా అన్నారా ఆ రోజు?"

వకీలు కాసేపు గుర్తు చేసుకున్నాడు.

"లోతు ఊసు రాలేదమ్మా. పైన మన్ను పడితే పాతరే."

"అయితే ఎదురుగా చాళ్ళు ఖాళీగానే ఉన్నాయిగా. వాటిలో పోసి కాలితో ఇంత మన్ను తోస్తే పోలా?"

బావ చాళ్ళ వైపు చూశాడు, గొయ్యి వైపు చూశాడు. నడుం ఆయన తరఫున తీర్పు చెప్పింది.

"అదే నేనూ అనబోతున్నాను," అన్నాడు.

తమాషా చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా తలో గోతం పట్టుకున్నారు. చాలు వెంబడి ముక్కలు పోసుకుంటూ వెళ్ళారు. వెనకాల మూడుమాటలు కాలితో ముక్కల్ని ఎడంగా సర్దుతూ నడుస్తున్నాడు. ఎక్కడైనా కుప్పపడితే బొటనవేలితో విడదీస్తున్నాడు.

"ఏం చేస్తున్నావురా అక్కడ?" అని గట్టు మీద నుంచి అరిచాడు బావ.

"ఆఖరి చూపు, బావా."

దాంతో బావకే కాస్త జాలేసింది. గొంతు తగ్గించి, "సరేలే, తొందరగా చూసుకో" అన్నాడు. వెంటనే జాలి పడ్డందుకు తన మీద తనకే కోపం వచ్చి రెండింతలు అరిచాడు. "కప్పండి! మన్ను కప్పండి! ఒరేయ్, ఇక నీ పుదీనాకి నీళ్ళొదులుకో!"

"మోటారు నీదే, బావా."

"సెక్షను మూడు," అన్నాడు వకీలు, ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ.

బావ కుంటుకుంటూ వెళ్ళి మోటారు వేశాడు. నీళ్ళు మొదటి చాలులో పాములా దూరి, రెండో చాలుకు తిరిగి, చివరి దాకా మెల్లగా పాకాయి. మట్టి నల్లబడింది. ఎండలో తడిమట్టి వాసన, దాని వెనకే సన్నగా పుదీనా వాసన.

"కుళ్ళి చావాలి!" అన్నాడు బావ తృప్తిగా.

ఆ తర్వాత రోజులు మూడుమాటలకు గడవలేదు. గిడ్డంగి పక్క జాగాలో ఇటికలు దిగాయి. ఆరు మళ్ళున్న చోట ఇటికల దొంతర లేచింది. అతను అటువైపు వెళ్ళడం మానేసి, రోజూ బావ పొలం గట్టు మీదుగా, ఏదో పని మీద పోతున్నవాడిలా నడిచేవాడు. ఐదో రోజు ఏమీ లేదు. ఎనిమిదో రోజు ఏమీ లేదు. పైమన్ను పెచ్చు కట్టింది. వంగి గోటితో గీరి చూద్దామనిపించేది. గట్టు మీద ఎవరో ఒకరు ఉండేవారు. పైగా బావ పన్నెండో రోజున ట్రాక్టరుకు చెప్పాడు, మళ్ళీ ఒకసారి దున్ని మొక్కజొన్న వేయడానికి. మొలకెత్తే వేళ నాగలి తగిలిందంటే కాడలు పైకి లేచి ఎండలో వరుగులవుతాయి. ఇన్ని చేసి, చివరికి అంతేనా?

పదో రోజు పొద్దున చిన్న చినుకు పడింది. పదకొండో రోజు జ్వరంతో మంచం దిగలేదు. పన్నెండో రోజు అక్క మేడ మెట్లు ఎక్కి వచ్చి, "రా, ట్రాక్టరు వచ్చింది" అంది. ఇంకేమీ చెప్పలేదు. ఆమె కూడా మూడు మాటలే మాట్లాడటం అదే మొదటిసారి.

అతను పరిగెత్తాడు.

గట్టు మీద ట్రాక్టరు గుడగుడలాడుతోంది. పొలం మధ్యలో బావ నిలబడి ఉన్నాడు, నోరు కొంచెం తెరిచి.  ఆయన కాళ్ళ ముందు, వెనక, ఈ చివర నుంచి ఆ చివర దాకా, చాలు చాలుకీ ముదురాకుపచ్చ చుక్కలు. దారం పట్టి గుచ్చినట్టు తిన్నగా. చినుకు పడ్డాక ఒక్కసారే లేచాయి.

ట్రాక్టరు తోలే మనిషి కొత్తవాడు. సీటు మీద నుంచి వంగి చూసి అన్నాడు:

"ఏంటి పెద్దాయనా, పైరు మీద దున్నమంటావా? ఎవరు నాటారో గానీ చేయి బాగుంది. ముక్క ముక్కకీ ఒకటే ఎడం. మేము ఇరవై మందిని పెట్టి నాటించినా ఇలా కుదరలేదు. ఎవరు నాటారు?"

బావ ట్రాక్టరు వైపు చూశాడు. బామ్మర్ది వైపు చూశాడు. ఆ చూపులో ముందు అనుమానం, తర్వాత అర్థం కావడం, ఆ తర్వాత కోపం ఒకదాని వెనక ఒకటి రావడం మూడుమాటలు స్పష్టంగా చూశాడు.  బావ చెయ్యెత్తి "దున్ను" అంటే చాలు.

బావ చెయ్యెత్తాడు. ఆ చేత్తో మీసం దువ్వుకున్నాడు.

"ఎవరేమిటి? నేనే! ఇదిగో, ఈ రెండు చేతులతో! నడుం పడిపోయినా లెక్కచెయ్యకుండా నాటాను. దున్నడానికి కాదయ్యా నిన్ను పిలిచింది, చూసి నేర్చుకుంటావని పిలిచాను. ఇంజను ఆపు ముందు, పొగ తగిలితే ఆకు పాడవుతుంది!"

ట్రాక్టరు ఆగింది. కెటిల్‌తో వచ్చిన వకీలు ఈ ముక్క విని గట్టు మీదే నిలబడిపోయాడు.

"నాటడమేమిటన్నా? నరికి పాతరేశావు కదా! సాక్షిని నేను!"

"పుదీనాని నరికి పాతరెయ్యడాన్నే నాటడమంటారు. టీ కాచుకునేవాడివి, నీకెలా తెలుస్తుంది?"

వకీలుకు ఆ సెక్షను దొరకలేదు. గ్లాసులు సర్దుకుని అందరికీ టీ పోశాడు. అక్క అటు తిరిగి నిలబడింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

మూడుమాటలు చెప్పులు గట్టు మీద విడిచి, మొదటి చాలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒక పిలక మొదట్లో మన్ను కాస్త తప్పించాడు. కింద కణుపు నుంచి తెల్లటి వేరు దిగి ఉంది. దాని పక్కనే, అప్పుడే, సన్నటి కొత్త కాడ ఒకటి మట్టిలోకి దారి వెతుక్కుంటోంది. ఆకు నలపలేదు. నలపకుండానే వాసన తెలిసింది. తోటమాలి చూసి ఉంటే ఏమనేవాడో అనుకుంటుండగా నెత్తి మీద ఉరిమింది.

"పీకకు! పీకకు! మన్ను కప్పు! పదకొండేళ్ళు గోడ పక్కన ఆరు మళ్ళు గీసుకున్నంత మాత్రాన పుదీనా వచ్చేసిందనుకున్నావా? పొలంలో సాగు వేరు. ఏం తెలుసురా నీకు?"

"నేర్పు, బావా."

బావ నడుం పట్టుకుని, గట్టు మీద కుదురుగా కూర్చుని, నేర్పడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాకా నేర్పాడు. చెప్పినదాంట్లో సగం తప్పు, మిగతా సగం ఇంకా తప్పు. మూడుమాటలు ప్రతిదానికీ తలూపుతూ మూడు చాళ్ళు కలుపు తీశాడు.